రెండు వేళ్ళ మందం

జూన్ 3

కవచం భుజం చీలింది. మిగతాదంతా బాగానే ఉంది. హెల్మెట్ మీద ఒక్క గీత పడలేదు. నిన్న షూటింగ్ అయ్యాక డైరెక్టర్ దాన్ని చేతుల్లో తిప్పి తిప్పి చూసి, అందరి ముందూ, "పనంటే ఇదీ! మనిషి అంత ఎత్తు నుంచి పడినా చెక్కు చెదరలేదు" అన్నాడు. పాతికేళ్ళుగా ఈ షెడ్డులో ఫోమ్ షీట్లు కోసి, వేడిచేసి వంచి, ఉక్కు రంగు కొట్టి కవచాలు చేస్తున్నాను. ఒక డైరెక్టర్ నోట మంచి మాట రావడం ఇది రెండోసారో మూడోసారో. సంతోషంగా ఉండాలి.

ఆ పడ్డది మా బావే. లేచి బొటనవేలు పైకెత్తి చూపించగానే యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. తర్వాత భోజనాల దగ్గర నన్ను "షాట్ అయిందా?" అని అడిగాడు. అయింది కదా బావా అన్నాను. ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చున్నాక మళ్ళీ అదే అడిగాడు. ఆ కవచంలో గంటసేపు ఉడికితే ఎవడికైనా బుర్ర తిరుగుతుంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పాతికేళ్ళ హీరోకి డూపు. నీరసం ఉండదూ?

భుజానికి గమ్ము రాశాను. అది ఆరేలోపు ఇది రాస్తున్నాను.

జూన్ 4

భుజం అతుక్కుంది. బావ పొద్దెక్కినా లేవలేదట, అక్క ఫోన్ చేసింది. పడుకోనీ అన్నాను.

జూన్ 6

అక్క షెడ్డుకి వచ్చింది. గమ్ము వాసనకి తలనొప్పి వస్తుందని ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాదు. ఇవాళ వచ్చి స్టూలు లాక్కుని మరీ కూర్చుంది.

"ఒరేయ్, మీ బావ నిన్న తాళంచెవి చేతిలో పెట్టుకుని, తాళంచెవి ఏదీ అని ఇల్లంతా వెతికాడు రా."

"నేను రోజూ చేసేదే అది."

"నువ్వు పుట్టినప్పట్నుంచీ అంతే. ఆయన అలా కాదు. లైటు వేస్తే కసురుకుంటున్నాడు. ఇరవై మూడేళ్ళ కాపురంలో నా మీద ఒక్కసారి గొంతెత్తని మనిషి." స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని అడిగింది. "పడ్డప్పుడు తలకేమైనా తగిలిందా? పక్కనే ఉన్నావుగా నువ్వు."

"హెల్మెట్ ఉందిగా అక్కా."

"నువ్వు చేశావనేగా నా ధైర్యం" అంది. వెళ్తూ వెళ్తూ బల్లమీది రంగు మరకలు తన కొంగుతో తుడవబోయి, అవి పోవని గుర్తొచ్చి మానేసింది.

ఎండ వల్లే. ఇంకో రెండు రోజులు నిద్రపోతే తేరుకుంటాడు.

జూన్ 7

ఈ సినిమా ప్రచారానికి ఒక వీడియో తీస్తున్నారు. "మా సూపర్ హీరో కవచం నిజంగా సాధ్యమేనా?" అని ఒక ఫిజిక్స్ లెక్చరర్ చేత చెప్పించాలట. ఆయన్ని నా షెడ్డుకి తీసుకొచ్చారు. చాక్‌పీసు చేతిలో లేకపోతే ఆ చేతిని ఏం చేయాలో తెలియని మనిషి. కెమెరా వాళ్ళు లైట్లు సర్దుకుంటుంటే నాతో కబుర్లు మొదలుపెట్టాడు.

"ఇది నిజంగా ఉక్కే అయితే బరువెంత ఉండాలంటారు?"

"నాకు తెలీదు సార్. ఇదైతే నాలుగు కిలోలు."

"నూట ఎనభైకి తగ్గదు. ఎగరడానికి శక్తి ఎక్కణ్ణించి?"

"ఛాతీలో బల్బుకి రెండు సెల్లులు ఉన్నాయి సార్."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాక్కూడా హుషారొచ్చింది. ఈ కవచం తొడుక్కున్నవాడు చెయ్యి భుజం పైకి ఎత్తలేడనీ, ఎత్తాలంటే చంకల్లో కోసేసి నల్లగుడ్డ అంటిస్తాననీ, లోకాన్ని రక్షించేవాడికి ముక్కు దురద పెడితే గోక్కోవడానికి పక్కవాడు కావాలనీ చెప్పాను. ఇవి కెమెరా ముందు కూడా చెప్పండి అన్నాడు.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. సినిమాలో హీరో ఇరవై అంతస్తుల పైనుంచి దూకి, రోడ్డుమీద గుంట పడేలా దిగి, తాపీగా నడిచి వెళ్ళిపోతాడు.

"ఇరవై అంతస్తులంటే అరవై మీటర్లు. గుంట లోతెంత? జానెడు. అంటే మీటరులో అయిదో వంతు. పడిన ఎత్తుని ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. చిన్నపిల్లలు చేసే లెక్క. మూడు వందలొస్తుంది. ఆగే ఆ క్షణంలో మనిషి మీద పడేది తన బరువుకి మూడు వందల రెట్లు. కవచం తట్టుకుంటుందండీ, ఒప్పేసుకుంటా. ఏదో కొత్త లోహం కనిపెట్టారనుకుందాం. లోపలున్నవాడి సంగతో?"

నేను బల్లమీది ఫోమ్ ముక్కలు ఏరసాగాను.

"స్టీలు డబ్బాలో గుడ్డు పెట్టి మేడమీంచి వదలండి. డబ్బాకి ఏమీ కాదు. చూసినవాళ్ళు డబ్బాని మెచ్చుకుంటారు. మూత తీస్తే కదా తెలిసేది! డబ్బా ఎంత గట్టిదైతే గుడ్డుకి అంత చేటు. గట్టిది నలగదు, టక్కున ఆగిపోతుంది. తల ఆగినా లోపలి మెదడు ఆగదు, అది పోయి ఎముకకి కొట్టుకుంటుంది. మనిషిని కాపాడేది గట్టిదనం కాదండీ, నలిగేదే కాపాడుతుంది." హెల్మెట్ అందుకుని లోపలికి తొంగిచూశాడు. "మరి మీ డూపుకి లోపల ఏం పెడతారు?"

"స్పాంజి సార్."

"ఎంత మందం?"

"రెండు వేళ్ళ మందం."

"భేష్" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నది హీరో హెల్మెట్. రెండోదాన్ని, డూపు హెల్మెట్‌ని, బల్ల కిందికి కాలితో తోశాను.

జూన్ 7, సాయంత్రం

రెండు వేళ్ళ మందం అన్నది అబద్ధం కాదు. చేసినప్పుడు రెండు వేళ్ళే.

జూన్ 9

బావ పడ్డ ట్రక్కు ఎత్తు నూట యాభై సెంటీమీటర్లు. స్పాంజి నలిగితే మూడు. నూట యాభైని మూడుతో భాగిస్తే యాభై.

గట్టి షీటు నలిగితే ఒకటి. మహా అయితే.

జూన్ 10

రాసేస్తాను. ఎవరు చదువుతారు గనక.

ప్రతి కవచానికీ రెండు హెల్మెట్లు చేస్తాను. బయటికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి హీరోకి, దగ్గర షాట్లకి. అందులో గట్టి షీటు వేసి తలకి బిగుతుగా పట్టేలా చేస్తాను. తల తిరిగితే హెల్మెట్ కూడా అప్పుడే తిరగాలి. రెండోది డూపుకి, పడడానికి. అందులో మెత్తటి స్పాంజి. అది కాస్త వదులుగానే ఉంటుంది, తల ముందు తిరిగి హెల్మెట్ వెనకాల వస్తుంది. దూరపు షాట్ కాబట్టి ఎవరికీ తెలియదు. దగ్గరదీ పడేదీ ఒకే షాట్‌లో రాకూడదన్నది మా పనిలో పాత పద్ధతి.

రెండో తేదీన డైరెక్టర్‌కి బుద్ధి పుట్టింది. బావ ట్రక్కుమీద కెమెరా దాకా నడిచి రావాలి, తల తిప్పి చూడాలి, వెంటనే తాడు లాగితే వెనక్కి ఎగిరి కింద పడాలి. అంతా ఒకే షాట్, మధ్యలో కట్ లేదు. రిహార్సల్లో మానిటర్ చూసి, "ఏంటది? బిందె బోర్లించుకుని వచ్చినట్టుంది. పది నిమిషాల్లో సరిచెయ్" అన్నాడు. స్పాంజి పీకేసి గట్టి షీటు అంటించాను. పడేముందు మళ్ళీ స్పాంజి పెడదాంలే అనుకున్నాను.

ఎప్పుడు పెడతాను? ఒకటే షాట్ కదా. నాకు తెలుసు. అంటిస్తున్నప్పుడే తెలుసు.

బావ తొడుక్కుని, "ఈసారి భలే పట్టింది రా" అన్నాడు. ప్రతిసారీ పడేముందు నేను హెల్మెట్ మీద వేలితో రెండుసార్లు కొడతాను, లోపల్నించి తను "ఇంట్లోనే ఉన్నా" అంటాడు. ఇరవై ఏళ్ళుగా అదే మా దండం, అదే మా దీవెన. ఆ రోజు కొడితే చెక్కమీద కొట్టినట్టు చప్పుడొచ్చింది. తను మామూలుగానే "ఇంట్లోనే ఉన్నా" అన్నాడు. నేను పక్కకి తప్పుకున్నాను.

పరుపు ఫ్రేములో కనిపిస్తోందని అంతకుముందే కాస్త ట్రక్కు చాటుకి జరిపారు. భుజాలు పరుపుమీద పడ్డాయి, తల అంచు దాటి నేలమీద పడింది. హెల్మెట్ మీద గీత పడలేదు.

నూట యాభై.

జూన్ 11

ఆ షాట్‌లో ఫోకస్ పోయిందట. పద్దెనిమిదిన మళ్ళీ తీస్తారు.

బావే వచ్చి చెప్పాడు, ముఖం వెలిగిపోతూ. ఫైట్ మాస్టారు మాటిచ్చాడట. ఈ ఒక్కటీ సరిగ్గా పడితే, వచ్చే సినిమా నుంచి బావ అసిస్టెంట్. కుర్రాళ్ళకి పడడం నేర్పే పని. "ఇంకొక్కసారి పడితే చాలు రా బామ్మర్దీ, ఇంక జన్మలో పడక్కర్లేదు. మీ అక్క రోజూ నా వీపుకి మందు రాయక్కర్లేదు."

"ఒంట్లో ఎలా ఉంది బావా?"

"ఎలా ఉంటుంది? నీ చేతి హెల్మెట్ ఉండగా నాకేంటి? మొన్న..." అని ఆగాడు. ఏం చెప్పబోయాడో పోయింది. వెతుక్కున్నాడు. దొరకలేదు. నవ్వేసి లేచాడు. లేచేటప్పుడు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది మీ అక్కకి చెప్పకు."

చెప్పనన్నాను. అది ఇప్పటికి రెండో చెప్పకపోవడం.

జూన్ 12

గట్టి షీటు పీకేశాను. కొత్త స్పాంజి నాలుగు వేళ్ళ మందం పెట్టాను. లోపల చోటు చాలకపోతే వెనకభాగం కోసి పెంచాను. నేనే తొడుక్కుని గోడకేసి తల బాదుకున్నాను. మూడుసార్లు. ఏమీ తెలియలేదు. ఇప్పుడు లెక్క వేస్తే పాతికే. పరుపు జరపొద్దని నేనే దగ్గరుండి చూస్తాను. ఈసారి ఏమీ కాదు. హాయిగా ఉంది.

జూన్ 13

వీడియోలో మిగిలిన ముక్కలు తీయడానికి లెక్చరర్ మళ్ళీ వచ్చాడు. టీ తాగుతుంటే మాటవరసకి అన్నట్టు అడిగాను. "సార్, ఒకడికి ముందే ఒకసారి దెబ్బ తగిలిందనుకోండి. రెండోసారి మెత్తగా, మంచి స్పాంజితో పడితే? పాతికే వస్తుంది కదా లెక్క."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నా భాగహారం బాగున్న తలకి. లోపల ముందే దెబ్బ ఉంటే ఆ లెక్క చెల్లదు. బాగున్నవాడికి తుమ్మినంత పని, వాడికి ప్రాణం మీదికి రావచ్చు. అది చెప్పాల్సింది నేను కాదు, డాక్టరు." నా వంక చూశాడు. ఎవరని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. "త్వరగా చూపించండి" అని మాత్రం అన్నాడు.

నిన్నటి హాయి ఒక్కరోజు కూడా నిలవలేదు.

జూన్ 14

చెప్పాలి. చెబితే మాస్టారు ఒప్పుకోడు, బావకి ఆ పని పోతుంది. నా పనీ పోతుంది. ముందు ఏది రాశానో చూసుకున్నాను. బావ పని ముందు రాశాను. నేనంత మంచివాణ్ణి కాదు.

జూన్ 15

రేపు.

జూన్ 16

పొద్దున్నే బావ షెడ్డుకి బయలుదేరాడట. ఇరవై ఏళ్ళుగా వస్తున్న దారి. మలుపులో సైకిళ్ళు బాగుచేసేవాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "మీ బావగారు అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగారండీ, ఏం కావాలంటే చెప్పట్లేదు" అన్నాడు. బావ నవ్వుతున్నాడు. ఏదో జోకు అయినట్టు. ఎడమ చెప్పు లేదు.

కూర్చోబెట్టి, అక్కకి ఫోన్ చేసి, తను వచ్చేదాకా ఉండి, సరాసరి మాస్టారి దగ్గరికి పోయాను. ఆయన మైదానంలో కుర్రాళ్ళ చేత పల్టీలు కొట్టిస్తున్నాడు. పక్కకి పిలిచి మొత్తం చెప్పాను. స్పాంజి, షీటు, పది నిమిషాలు, చెక్క చప్పుడు. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

"తెలిసే పెట్టావా?" అన్నాడు.

"తెలిసే పెట్టాను మాస్టారూ. ఇంత అవుతుందని తెలీలేదు."

ఆయన పల్టీలు ఆపమని కుర్రాళ్ళకి చెయ్యి ఊపాడు. "వాణ్ణి పదహారేళ్ళప్పుడు నేనే ఈ పనిలోకి తెచ్చాను. ఒక ఎముక విరిగితే చూసి చెప్పగలను. ఇది నాకు కనపడలేదు." తర్వాత అన్నాడు. "వాడు పద్దెనిమిదిన పడడు. ఎప్పుడూ పడడు. నీ సంగతి ఈ సినిమా అయ్యాక మాట్లాడదాం. మాట్లాడ్డానికి ఏముందిలే."

జూన్ 17

ఆసుపత్రి. తల లోపల పలచటి పొరలా రక్తం చేరిందట. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు, మందులతో కరగొచ్చు, వారానికోసారి ఫోటో తీసి చూస్తారు. కొత్త సంగతులు కొన్నాళ్ళు బుర్రలో నిలవకపోవచ్చు, కంగారు పడకండి అన్నాడు డాక్టరు. "ఇంకో దెబ్బ తగిలి ఉంటే మీరు నాతో మాట్లాడే పని ఉండేది కాదు."

వరండాలో బెంచీమీద బావకీ అక్కకీ చెప్పాను. మాస్టారికి చెప్పిన మాటలే, అదే వరసలో. అక్క వినగానే నా వైపు నుంచి ముఖం తిప్పేసుకుంది. బావ మాత్రం నా కళ్ళలోకే చూస్తూ విన్నాడు. హెల్మెట్ గురించి ఏమీ అనలేదు. మాస్టారికి చెప్పాననగానే ముఖం మారిపోయింది.

"తల పగిలితే పగిలేది. అది నా తల. నువ్వు నా పొట్ట కొట్టావు రా. ఇంకొక్కసారి... ఒక్కసారి పడితే అయిపోయేది." అక్క చెయ్యి పట్టుకుని లేచాడు. "మా గడప తొక్కకు."

ఏడుపొచ్చింది. నాకు ఏడ్చే హక్కు లేదనిపించి బయటికొచ్చేశాను.

జూన్ 18

షాట్ తీశారు. వేరే డూపు, నాలుగు వేళ్ళ స్పాంజి, పరుపు జరపలేదు. కుర్రాడు లేచి దులుపుకుని వెళ్ళిపోయాడు. తల తిప్పినప్పుడు హెల్మెట్ బిందెలాగే ఊగింది. పరుపు కూడా ఫ్రేములో కనిపించింది.

డైరెక్టర్ మానిటర్ చూసి, "పర్లేదు, తర్వాత కంప్యూటర్లో సరిచేసుకుందాం" అన్నాడు.

పక్కన కుర్చీ ఉంటే కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

జూన్ 20

మధ్యాహ్నం బావ వచ్చాడు. నవ్వుతూ. వెనకాల అక్క.

"ఏరా బామ్మర్దీ, నాలుగు రోజులుగా కనపడవే? పెళ్ళి చూపులకి గానీ వెళ్ళావా ఈ వయసులో? పద్దెనిమిది ఎప్పుడు రా? హెల్మెట్ సిద్ధమేనా?"

అక్క ఆయన భుజం వెనక నుంచి తల అడ్డంగా ఊపింది. వద్దని. తర్వాత నన్ను పక్కకి లాగి, "పొద్దుట్నుంచి అదే అడుగుతున్నాడు. వాయిదా పడిందన్నాను. ఆసుపత్రిలో నువ్వన్నదేదీ ఆయనకి గుర్తులేదు రా. ఊరుకో. నిన్ను తలుచుకుని నవ్వుకుంటున్నాడు" అంది. అక్క నాతో మాట్లాడడం మూడు రోజుల తర్వాత ఇదే మొదలు.

దేవుడు చెరిపేశాడు. నేను అడక్కుండానే. బావ నా స్టూలుమీద కూర్చుని, నా హీట్‌గన్ పట్టుకుని తుపాకీలా నా మీదికి గురిపెడుతున్నాడు. నా బావ. ఊరుకుంటే చాలు.

ఎదురుగా కూర్చుని మొదట్నుంచి చెప్పాను. ముఖం మారడం మళ్ళీ చూశాను, సరిగ్గా అదే చోట. "నా పొట్ట కొట్టావు" అన్నాడు, మొదటిసారి అంటున్నట్టే. ఆయనకి మొదటిసారే.

అక్క వెళ్తూ, "నీకేం సుఖం రా ఇందులో" అంది.

జూన్ 21

వచ్చాడు. నవ్వుతూ. చెప్పాను. హీట్‌గన్ విసిరికొట్టాడు.

జూన్ 22

ఇవాళ చెప్పేసరికి బావ తిట్టలేదు. తన చేతులు చూసుకున్నాడు. తర్వాత నిమ్మళంగా అడిగాడు.

"ఇది నాకు ఇంతకుముందు చెప్పావా?"

"చెప్పాను."

"ఎన్నిసార్లు?"

"ఇది నాలుగోసారి."

"తిట్టానా?"

"తిట్టావు. నిన్న హీట్‌గన్ విరగ్గొట్టావు."

గుమ్మం దగ్గరున్న అక్క వైపు చూశాడు. అక్క తలూపింది. "తను వాయిదా పడిందని చెబుతోంది నాకు" అన్నాడు. "నువ్వూ అదే అనొచ్చుగా. నాకు తెలిసి చచ్చేది కాదుగా."

"అనొచ్చు బావా."

"రేపు కూడా నవ్వుతూ వస్తానేమో."

"రావచ్చు."

బయట ఎవరో ట్రక్కు వెనక్కి తీస్తున్నారు. బావ తల తిప్పి అటు చూశాడు.

"నువ్వు మాత్రం అలా అనకు" అన్నాడు.

జూన్ 23

నవ్వుతూ వచ్చాడు. చెప్పాను.